కొబ్బరిచెట్లు మన పెరట్లోనే ఉన్నాయి, నీళ్లు చూసి రిసార్టు ఎంచుకోండి

ప్రశ్న: మాఘమాసంలో మా పెళ్లి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎప్పుడైనా సెలవు పెట్టుకోవచ్చు, తేదీ మా చేతిలోనే ఉంది. హైదరాబాద్‌లో విమానం ఎక్కింది మొదలు మళ్లీ హైదరాబాద్‌లో దిగేదాకా నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు. ఖర్చు లక్షన్నర దాటకూడదని అనుకున్నాం. మాల్దీవుల్లో నీళ్ల మీద కట్టిన గదిలో ఉండాలని నా కోరిక. ఆయన అండమాన్ అంటున్నారు, నీళ్లలోకి దిగి చేపల్ని చూడాలట. నాకు ఈత రాదు, పైగా శాకాహారిని. కాబోయే అత్తగారేమో ‘ఇంటి పక్కన గోదావరి ఒడ్డున దిండి ఊరు పెట్టుకుని అంత దూరం ఎందుకర్రా’ అంటున్నారు. ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో మూడు దీవులు, హనీమూన్ అలంకరణ అన్నీ ఉన్నాయి గానీ రిసార్టు పేరు పక్కన ‘లేదా అలాంటిదే’ అని రాశాడు. అసలు దేన్ని చూసి ఎంచుకోవాలి?
ఓ పాఠకురాలు, మలికిపురం

సమాధానం: మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. రిసార్టుల వాళ్లు ఫోటోల్లో చూపించి అమ్మేవి కొబ్బరిచెట్లు, పచ్చదనం, నీళ్ల మీద ఓ పడవ. ఈ మూడూ మీకు వీధి చివర ఉచితంగా దొరుకుతాయి. కోనసీమ మనిషికి కొబ్బరిచెట్టు చూపించి రాత్రికి రెండు వేలు ఎక్కువ లాగడం కొంచెం అన్యాయమే. మీ ఊళ్లో లేనిదల్లా అడుగు కనిపించే నీళ్లు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు వల్ల అంతర్వేదిలోనైనా ఓడలరేవులోనైనా సముద్రం మట్టిరంగులో ఉంటుంది. పగడాలు బతకాలంటే ఎండ అడుగుదాకా దిగాలి, మీద బురద పేరుకోకూడదు. ఆ రెండూ మన తీరాన కుదరవు. పెద్ద నదులేవీ వచ్చి కలవని అండమాన్ చుట్టూ, మాల్దీవుల చుట్టూ కుదురుతాయి. కాబట్టి రిసార్టు ఎంచుకునేటప్పుడు ముందు దాని ఎదురుగా ఉన్న నీళ్లు చూడండి, ఆ నీళ్లలో గడపడానికి మీకు ఎన్ని గంటలు మిగులుతాయో చూడండి. గది సంగతి ఆ తర్వాత.

దిండి ఒక రాత్రికి బావుంటుంది. గోదావరి పాయ వశిష్ఠ మీద పడవలో కూర్చుని సాయంత్రం చూడటానికి అంతకన్నా మంచిచోటు మన వైపు తక్కువ. కానీ అది గోదావరిని చూసే చోటు, దిగి చేపల్ని వెతికే చోటు కాదు. పైగా మలికిపురం జంట దిండిలో దిగితే సాయంత్రానికల్లా పలకరించడానికి చుట్టాలు వచ్చేస్తారు.

ఇక మాల్దీవుల లెక్క. అక్కడి రిసార్టు ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి, అసలు కథ వాటిలోనే ఉంది. గది రాత్రికి 400 డాలర్లు అనుకోండి. దానిమీద సర్వీస్ ఛార్జి 10 శాతం, 440 అవుతుంది. ఆ మొత్తం మీద అక్కడి పర్యాటక జీఎస్టీ. 2025 జూలై నుంచి అది 17 శాతం. దాంతో 514.80. ఆపైన గ్రీన్ ట్యాక్స్ రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి 24. మొత్తం 538.80. మూడు రాత్రులకు 1,616 డాలర్లు, అంటే గదికే లక్షా ముప్పయి వేల పైన. విమానాశ్రయం నుంచి దీవికి తీసుకెళ్లే పడవ ఖర్చు వేరు, భోజనం వేరు. ఒక దీవిలో ఒక్కటే రిసార్టు ఉంటుంది కాబట్టి బయటికెళ్లి తినే దారి కూడా లేదు. మీ లక్షన్నరకి ఇది అందదు.

డబ్బు సర్దుకున్నా మాల్దీవుల్లో ఇంకో చిక్కుంది. దూరపు దీవులకు నీళ్ల మీద దిగే విమానం, సీప్లేన్‌లో వెళ్లాలి, అది పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మీ విమానం మాలేలో సాయంత్రం దిగితే ఆ రాత్రి అక్కడే మామూలు హోటల్లో పడుకుని మర్నాడు వెళ్లాలి. నాలుగు రాత్రుల్లో ఒకటి అలా పోతుంది. మాఫుషి లాంటి జనావాస దీవుల్లో గెస్ట్‌హౌస్ తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, చిన్న గెస్ట్‌హౌస్‌లలో గ్రీన్ ట్యాక్స్ కూడా సగమే. కానీ అక్కడ నీళ్ల మీద గదులుండవు, మరి మీ కోరిక అదే కదా. ఇప్పటికి దాన్ని ఏ పెళ్లిరోజుకో దాచుకోండి. అప్పుడు స్పీడ్‌బోట్‌లో గంటలోపు చేరే దీవినే చూడండి. పూజకని దేవుడి బొమ్మలు సామాన్లో పెట్టుకోకండి, అక్కడి కస్టమ్స్ వాళ్లు వాటిని లోపలికి రానివ్వరు.

లక్షద్వీప్ మాట మీరు అడగలేదు. నీళ్లు అద్భుతంగా ఉంటాయి గానీ ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, గదులూ విమాన సీట్లూ తక్కువ. ఈ సమయానికి దాన్ని పట్టుకోకపోవడం మేలు.

కనుక మీవారి పక్షమే. అండమాన్, అందులోనూ హేవ్‌లాక్ దీవి. 2018 చివర్లో దాని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారింది, 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, హోటళ్ల వాళ్ల నోట పాత పేర్లు వినిపిస్తాయి. కంగారు పడకండి, ఊళ్లు అవే. వైజాగ్ నుంచి ఓడ ఉందని ఎవరైనా చెబితే వినేసి ఊరుకోండి. ఒకవైపుకే రెండు రోజుల పైన పడుతుంది.

ఇప్పుడు గంటల లెక్క. ఏజెంటు ‘మూడు దీవులు’ అన్నాడు కదా, అది కాగితం మీద నిండుగా కనిపిస్తుంది. జరిగేది చూడండి. మొదటిరోజు విమానం, జెట్టీ, ఫెర్రీ. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు. హేవ్‌లాక్ వైపు ఆఖరి ఫెర్రీలు మధ్యాహ్నమే వెళ్లిపోతాయి కాబట్టి మీ విమానం ఉదయం పదకొండు లోపు దిగితేనే అదే రోజు దీవి చేరతారు. విమానం దిగడానికీ ఫెర్రీ కదలడానికీ మధ్య మూడు గంటలు ఉంచుకోండి. మలికిపురం నుంచి రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికే రెండున్నర గంటలు పట్టొచ్చు. అందుకని ముందురోజు సాయంత్రమే హైదరాబాద్ చేరి, విమానాశ్రయం దగ్గర పడుకుని, తెల్లవారుజాము విమానం పట్టుకోవడం నయం. పాలకొల్లులో రాత్రి రైలెక్కి ఉదయం దిగి విమానం అందుకుందాం అనుకుంటే, రైలు గంట ఆలస్యమైతే మొత్తం తారుమారు.

రెండో రోజు, మూడో రోజు పూర్తిగా మీవి. నాలుగో రోజు మధ్యాహ్నం ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్ తిరిగొచ్చి ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. అయిదో రోజు ఉదయం హేవ్‌లాక్ నుంచి నేరుగా విమానానికి పరిగెడదాం అనుకోకండి. గాలి ఎక్కువై ఫెర్రీ రద్దయితే విమానం ఆగదు, రెండు టికెట్ల డబ్బూ పోతుంది. అంటే చేతికి మిగిలేది రెండున్నర రోజులు. అందులో నీల్ దీవి కూడా దూరిస్తే సామాను సర్దడం, గది ఖాళీ చేయడం, జెట్టీలో గంట ముందు నిలబడటం, కొత్త గది కోసం మధ్యాహ్నం దాకా ఎదురు చూడటం కలిపి ముప్పూట పోతుంది. హేవ్‌లాక్‌లో మూడు రాత్రులు ఒకే రిసార్టులో ఉండండి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి. ఆ సాయంత్రం సెల్యులార్ జైల్లో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన చూడొచ్చు.

హేవ్‌లాక్‌లో బీచ్‌లకు నంబర్లున్నాయి. రిసార్టు ఏ నంబరు మీద ఉందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. జెట్టీ దగ్గర ఒకటి. మూడో నంబరు గోవింద్‌నగర్, అయిదు విజయ్‌నగర్, ఆ రోడ్డు చివర కాలాపత్తర్. ఇవన్నీ తూర్పు వైపు, సూర్యోదయం గది ముందే. ఏడో నంబరు రాధానగర్, అది పడమటి వైపు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే. 2020లో మన రుషికొండతో పాటు, శుభ్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. అడుగున మెత్తని ఇసుక, రాళ్లు లేవు. జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. దాని ఒడ్డున రిసార్టులు కొద్దే, ఉన్నవి ఖరీదైనవి.

తూర్పు వైపు రిసార్టుల్లో దిగినవాళ్లు తరచూ చేసే ఫిర్యాదు ఒకటుంది: ‘ఫోటోలో గది ముందే సముద్రం ఉంది, వచ్చి చూస్తే రాళ్లే ఉన్నాయి.’ ఫోటో అబద్ధం కాదు, పోటు మీద, అంటే సముద్రం నిండుగా ఉన్న వేళ తీసినది. పోటూ పాటూ కోనసీమ వాళ్లకి చెప్పాల్సిన పని లేదు గానీ, ఇక్కడ ఏటికాలవ నీళ్లు పెరిగి తగ్గడం వేరు, అక్కడ బల్లపరుపు బీచ్ మీద జరిగేది వేరు. అమావాస్యకీ పౌర్ణమికీ అక్కడ నీటిమట్టం దాదాపు రెండు మీటర్లు ఎక్కిదిగుతుంది. ఒడ్డు వాలు నూరు మీటర్లకు రెండు మీటర్లే అనుకుంటే, పాటుకి నీళ్లు నూరు మీటర్లు వెనక్కి పోతాయి. అప్పుడు బయటపడేవి చచ్చిన పగడపు ముక్కలు, పదునైన రాళ్లు. చెప్పులు లేకుండా నడిస్తే కాళ్లు కోసుకుంటాయి, ఈత మాటే లేదు.

దీనికి మందు మీ ఇంట్లోనే ఉంది, ముహూర్తం చూసిన పంచాంగం. పోటు పాట్ల తేడా అమావాస్య, పౌర్ణమి దగ్గరా, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ ఎక్కువ. అష్టమి నుంచి దశమి దాకా బాగా తక్కువ. కాబట్టి దీవిలో మీరుండే రోజులు అష్టమి, నవమి, దశమి అయ్యేలా తేదీ పెట్టుకోండి. బహుళపక్షమైతే ఇంకా మంచిది. అప్పుడు చంద్రుడు అర్ధరాత్రికి గానీ రాడు, సాయంత్రాలు చిమ్మచీకటి. తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరవడం చూపించే రాత్రి కయాక్ సవారీలు అలాంటి చీకట్లోనే పండుతాయి. అష్టమి నాడు ప్రయాణం ఏమిటని ఇంట్లో అంటారు, అననివ్వండి, సప్తమి నాడే గుమ్మం దాటండి. గంటలు కూడా చూసుకోవాలంటే పోర్ట్‌బ్లెయిర్ పోటు వేళల పట్టిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. రోజుకి రెండు పోట్లు, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. పోటు వేళ రిసార్టు ముందు నీళ్లలోకి దిగండి, పాటు వేళ రాధానగర్ వెళ్లండి.

ఫిబ్రవరి, మార్చి ఎంచుకోవడం మీ అదృష్టం. సముద్రం నెమ్మదిగా ఉండే కాలం అదే, క్రిస్మస్, కొత్త సంవత్సరం నాటి అదనపు వడ్డింపులూ ఉండవు. శ్రావణంలో పెళ్లి చేసుకుని ఇదే ఉత్తరం రాసుంటే జవాబు వేరుగా ఉండేది. మే మూడో వారానికల్లా అండమాన్‌కి నైరుతి వచ్చేస్తుంది. ఆ నెలల్లో నీళ్లు కలకబారతాయి, ఫెర్రీలు ఆగుతాయి.

ఇక రిసార్టు. మీ ఇద్దరి అవసరాలకు అయిదో నంబరు వైపు, ఒడ్డునే ఉన్న, ఈతకొలను కూడా ఉన్న రిసార్టు సరిపోతుంది. ఈతకొలను ఎందుకంటే పాటు వేళ మీకు దిక్కు అదే, పైగా మీకు ఈత రాదు. డైవింగ్ నేర్పేవాళ్లు, హోటళ్లు ఈ వైపే ఎక్కువ. రాధానగర్‌కి స్కూటర్ మీద రెండు సాయంత్రాలు వెళ్లొస్తే చాలు. మధ్యాహ్నం మూడున్నరకే బయల్దేరండి. అండమాన్‌లో మన గడియారమే గానీ అది బాగా తూర్పున ఉంది. ఫిబ్రవరి ఆఖరులో మలికిపురంలో ఆరు దాటాక పొద్దు గూకితే అక్కడ అయిదున్నర కాకముందే గూకుతుంది. అయిదున్నరకి సూర్యాస్తమయం చూద్దామని వెళ్లి చీకటి చూసి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

గదుల పేర్లలో ఒక్కో మాటకీ ఒక్కో ధర ఉంటుంది. ‘బీచ్ ఫ్రంట్’ అంటే గది మెట్లు దిగితే ఇసుక. ‘సీ ఫేసింగ్’ అంటే గది ముఖం సముద్రం వైపు, మధ్యలో ఏముందో చెప్పరు. ‘సీ వ్యూ’ అంటే ఎక్కడో నిలబడితే సముద్రం కనబడుతుంది. ‘పార్షియల్ సీ వ్యూ’ అంటే బాల్కనీలో మెడ చాచాలి. ‘గార్డెన్ వ్యూ’ అంటే కొబ్బరిచెట్లు. మా సలహా, ఒడ్డున ఉన్న రిసార్టులోనే గార్డెన్ వ్యూ కాటేజీ తీసుకోండి. బీచ్ అదే, ఈతకొలను అదే, రోజంతా మీరు గదిలో ఉండరు. లోపలెక్కడో ఉన్న రిసార్టులో ఖరీదైన గది మాత్రం వద్దు, ప్రతిసారీ రోడ్డు దాటి సముద్రానికి నడవాలి. ఉపగ్రహ పటంలో రిసార్టును దగ్గరగా తెచ్చి చూడండి. గదులకూ ఇసుకకూ మధ్య రోడ్డు ఉందేమో తెలిసిపోతుంది. నీళ్లలో లేత రంగు ఉంటే ఇసుక, ముదురు మచ్చలుంటే రాయి, పగడం.

బస చేసినవాళ్లు పెట్టిన ఫోటోల్ని కొత్తవి ముందొచ్చేలా పెట్టుకుని, గత మూడు నెలలవి చూడండి. స్నానాల గది మూలలు, కిటికీ చెక్కల అడుగు, ఏసీ కింద గోడ. ఉప్పుగాలికి, తేమకి ముందు పాడయ్యేవి ఇవే. చెక్క కాటేజీలు ఫోటోల్లో అందంగా ఉంటాయి, బూజు వాసన ఫోటోలో రాదు. అందుకని సమీక్షల్లో ‘వాసన’, ‘తడి’, ‘జనరేటర్’ అన్న మాటల్ని ఇంగ్లిషులో కొట్టి వెతకండి. ఒకరు రాస్తే చిరాకు అనుకోవచ్చు, ముగ్గురు రాస్తే నిజం. కప్పలు, బల్లులు ఉన్నాయని రాసినవాళ్లని పట్టించుకోకండి, పట్నం వాళ్లు.

ధరలో ఒక గీత ఉంది, దాన్ని గుర్తుంచుకోండి: రోజుకి 7,500. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ లోపు గదులకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968 అవుతుంది. రెండు వందల తేడా కాస్తా పన్నెండు వందలైంది, మూడు రాత్రులకు మూడున్నర వేలు. పెద్ద రిసార్టుల్లో భోజనం మీద కూడా 18 శాతం పడొచ్చు. అందుకే ‘పన్నుతో కలిపి మొత్తం ఎంత’ అనే అడగండి.

భోజనం పథకాలకు పొడి అక్షరాలుంటాయి. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే ఉదయం టిఫిన్ కలుపుకుని. ఎంఏపీ అంటే టిఫిన్, ఇంకో పూట భోజనం. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, మూడు పూటలా తిండి. హేవ్‌లాక్‌లో సీపీ చాలు. మధ్యాహ్నం మీరు ఎక్కడుంటారో మీకే తెలియదు, మూడో నంబరు బజారులో శాకాహారం దొరుకుతుంది. రిసార్టులో తినే పూటలకు చేపలు వేయించిన నూనెలోనే కూరగాయలు వేయిస్తారేమో ముందే అడగండి. ‘వెజ్ ఉంది’ అనే జవాబుకి అర్థం మెనూలో ఉందని, వేరే మూకుడు ఉందని కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో మాత్రం బెంగ అక్కర్లేదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు బోలెడుమంది, బజార్లో తెలుగు వినబడుతుంది, ఇడ్లీ దొరుకుతుంది.

రెండు మూడు రిసార్టులు తేలాక వాళ్లకి వాట్సాప్‌లో ఈ ప్రశ్నలు పంపండి. మేము కట్టేది ఏ వరస కాటేజీకి, జనరేటర్‌కి ఎంత దూరం? కరెంటు పోతే ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యాన్ ఒక్కటేనా? ఈతకొలను మేం వచ్చే తేదీల్లో తెరిచే ఉంటుందా? ఫెర్రీ రద్దయి రాలేకపోతే ఆ రాత్రి డబ్బు తేదీ మార్చి వాడుకోనిస్తారా, పోతుందా? జెట్టీ నుంచి బండి మీదేనా? ఈ రోజు పాటు వేళ మీ బీచ్ ఫోటో ఒకటి పంపుతారా? ఆఖరిది అడిగితే కొందరు గమ్మున ఊరుకుంటారు. పంపినవాళ్లతో ముందుకెళ్లండి.

ఏజెంటుని వదిలేయమని చెప్పడం లేదు. విమానం, ఫెర్రీ, గది మూడూ అతికేలా చూసే మంచి ఏజెంటు ఉంటే మీకు తలనొప్పి తగ్గుతుంది. కానీ ‘లేదా అలాంటిదే’ అన్న మాట కొట్టేయించండి. దాని అర్థం గది దొరకకపోతే తక్కువ ధరదానిలో వేస్తామని. రిసార్టు పేరు, గది రకం పేరు అక్షరం పొల్లుపోకుండా, పథకం, ఫెర్రీలో ఏ తరగతి, పన్నులు కలిపా విడిగానా అన్నది కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు కట్టిన రెండు రోజులకి బుకింగ్ నంబరు అడిగి, రిసార్టుకి మీరే ఫోన్ చేసి ఆ నంబరు చెప్పి ఖాయం చేసుకోండి. ‘మీ పేరు మీద ఏదీ లేదండీ’ అనే జవాబు ఇక్కడుండగా వింటే నయం, జెట్టీలో సామాన్లతో నిలబడి వినేకన్నా. హనీమూన్ అలంకరణ తీసేస్తే ఎంత తగ్గుతుందో అడగండి. మంచం మీద పూలరేకులు, ఓ కేకు, కొవ్వొత్తుల భోజనం కలిపి చాలా రాస్తారు. రిసార్టుకి కొత్తగా పెళ్లయిందని ముందే చెబితే పూలు వాళ్లే వేస్తారు చాలాచోట్ల. మీరే నేరుగా బుక్ చేస్తే డబ్బు రిసార్టు పేరు మీదున్న ఖాతాకే పంపండి. వ్యక్తి పేరుతో వచ్చిన యూపీఐ కోడ్‌కి పంపకండి, పేరున్న రిసార్టుల నకిలీ వెబ్‌సైట్లు తిరుగుతున్నాయి.

ఈత రాదని వెనక్కి తగ్గకండి. మొదటిసారి దిగేవాళ్ల డైవింగ్‌లో శిక్షకుడు మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు. ముందు నడుం లోతు నీళ్లలో నోటితో ఊపిరి తీయడం, మాస్కులో నీళ్లొస్తే ముక్కుతో ఊది తోసేయడం, చెవి బిగుసుకుంటే ముక్కు మూసి మెల్లగా ఊదడం నేర్పుతారు. ఆ సాధనకి కనీసం అరగంట ఇచ్చేవాళ్లనే ఎంచుకోండి. ఉబ్బసం, చెవి జబ్బు, ఆ వారం జలుబు ఉంటే వద్దు. వాళ్లిచ్చే ఆరోగ్య ఫారంలో ఏదీ దాచకండి. డైవింగ్ రెండో రోజో మూడో రోజో ఉదయం పెట్టుకోండి. దిగిన తర్వాత విమానం ఎక్కడానికి 18 గంటలైనా విరామం ఉండాలి. డైవింగ్ భయమైతే ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లి లైఫ్ జాకెట్‌తో స్నార్కెలింగ్ చేయండి, అంటే ముఖం నీళ్లలో పెట్టి గొట్టంతో ఊపిరి తీస్తూ తేలడం, ఒకరు రింగు పట్టుకుని లాక్కెళ్తారు, చేపలు అక్కడా కనబడతాయి. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ దగ్గర ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, కాలవ సముద్రంలో కలిసేచోట, చీకటి పడ్డాక దిగకండి. రాధానగర్‌లో లైఫ్‌గార్డులున్న భాగంలోనే ఉండండి. ఇసుక ఈగలు కూడా కుడతాయి, పొద్దున్నా సాయంత్రం ఎక్కువ. కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటే చాలావరకు ఆగుతాయి. అది మీ పెట్టెలో ఎలాగూ ఉంటుంది.

ఖర్చు ఇలా తేలుతుంది, సీజన్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది. హైదరాబాద్ నుంచి ఇద్దరికీ రానూపోనూ విమానం 36 వేలు, రాజమండ్రి హైదరాబాద్ మధ్య 10 వేలు. ఫెర్రీలకు ఆరున్నర వేలు. హేవ్‌లాక్ గది మూడు రాత్రులు 23 వేల పైచిలుకు, పోర్ట్‌బ్లెయిర్ రాత్రి 4 వేలు. తిండి 12, డైవింగ్ 9, స్కూటరు, ట్యాక్సీ 6. మొత్తం లక్షా ఏడు వేల దగ్గర. మిగిలినదాన్ని గది పెంచడానికి వాడకండి. ఫెర్రీ రద్దయి ఒక రోజు ఇరుక్కుపోతే కొత్త టికెట్లకి అక్కరకొస్తుంది. అయిదారు వేలు నోట్లుగా పట్టుకెళ్లండి, సిగ్నల్ పోయినప్పుడు యూపీఐ పనిచేయదు.

బుక్ చేసే వరస: పంచాంగం చూసి తేదీ, ఆ తేదీకి ఉచితంగా రద్దు చేసుకునే గది, ఉదయం దిగే విమానం, అదే రోజు మధ్యాహ్నం ఫెర్రీ. ఫెర్రీ టికెట్లు నెల ముందే తీయండి. టికెట్లన్నీ ఆధార్‌లో ఇప్పుడున్న ఇంటిపేరుతోనే తీయండి. మూడు ముళ్లూ పడ్డాయి కదా అని కొత్త ఇంటిపేరు రాస్తే, కార్డు మారేదాకా మధురపూడి గేటు దగ్గరే ఆపేస్తారు.